స్టెబిలైజర్ డబ్బాలో గిటార్ వాల్వ్ ఆంప్: డబ్బా ఉంచుకోండి, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ తీసెయ్యండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: తిరుపతిలో మీ ఇంట్లో పాత టీవీ స్టెబిలైజర్ ఒకటి, వాల్వ్ రేడియో చెక్క పెట్టె ఒకటి మూలపడి ఉన్నాయి. టంకం పెట్టడం వచ్చు, వాల్వులతో మాత్రం ఇదే మొదటిసారి. స్టెబిలైజర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్‌తోనే చిన్న గిటార్ ఆంప్లిఫయర్ చేసుకోవచ్చా అని అడిగారు.

డబ్బా వాడుకోండి, ట్రాన్స్‌ఫార్మర్ వద్దు. స్టెబిలైజర్‌లో ఉండేది ఆటో ట్రాన్స్‌ఫార్మర్. చుట్ట ఒక్కటే, దానికే మధ్యమధ్యలో ట్యాపులు తీసి ఉంటాయి. కరెంటు లైనుకీ అవుట్‌పుట్‌కీ మధ్య అడ్డు ఏమీ లేదు. గిటార్ తీగలేమో బ్రిడ్జి నుంచి జాక్ మీదుగా ఆంప్ చాసీ (ఇనుప చట్రం) దాకా కలిసే ఉంటాయి. గోడ సాకెట్‌లో ఫేజూ న్యూట్రలూ తారుమారై ఉంటే ఆ 230 వోల్టులూ నేరుగా మీ వేళ్ల కిందకి వస్తాయి. రేడియోదీ ఇలాంటి గొడవే కావచ్చు. అందులో వాల్వుల పేర్లు 'యూ' అక్షరంతో మొదలై, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ కనిపించకపోతే అది ఏసీ-డీసీ రకం, చాసీయే లైను మీద కూర్చుని ఉంటుంది. అందులో పెట్టె, వాల్వ్ సాకెట్లు, ట్యాగ్ స్ట్రిప్పులు పనికొస్తాయి. పవర్ సప్లై పనికిరాదు. ఇంకో మాట: ఆ రేడియో పాడుతూ ఉంటే దయచేసి దాని జోలికి వెళ్లకండి, ఉత్త పెట్టె పాత సామాను కొట్లో దొరుకుతుంది.

ఏదైనా కొనేముందు ఇంట్లో ఎర్త్ చూడండి. మీటర్‌ని ఏసీ పెద్ద రేంజిలో పెట్టి సాకెట్‌లో ఫేజుకీ పై పెద్ద పిన్నుకీ మధ్య కొలిస్తే 230 దరిదాపు రావాలి, న్యూట్రల్‌కీ పై పిన్నుకీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఫేజు నుంచి ఎర్త్‌కి 60, 90 లాంటి అంకె ఊగుతూ కనిపిస్తే ఆ పిన్ను వెనక వైరే లేదన్నమాట. పాత ఇళ్లలో ఇది మామూలే. మీటరుకి సరిగ్గా కనబడినా ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో లోడు పెట్టి చూపించుకోండి. ఎర్త్ సరిగా లేని ఇంట్లో వాల్వ్ ఆంప్ వద్దు.

సర్క్యూట్ విషయానికొస్తే మొదటిదానికి రెండే వాల్వులు చాలు: గిటార్ సిగ్నల్‌ని పెంచడానికి ఒక 12ఏఎక్స్7, స్పీకర్‌ని నడపడానికి ఒక ఈఎల్84. ఫెండర్ కంపెనీ చిన్న గిటార్ ఆంప్ చాంప్ 5ఎఫ్1 నమూనాయే ఇది, అందులోని 6వీ6 బదులు ఈఎల్84, రెక్టిఫయర్ వాల్వు బదులు సిలికాన్ డయోడ్లు. రెండు వాల్వులకీ తొమ్మిది పిన్నుల సాకెట్టే. ఈఎల్84కి 250 వోల్టులు చాలు. రేడియోల్లో విరివిగా వాడిన వాల్వు కాబట్టి బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ముద్ర ఉన్నవి పాత మెకానిక్కుల దగ్గర ఇప్పటికీ అప్పుడప్పుడు దొరుకుతాయి. 12ఏఎక్స్7ని ఈసీసీ83 అని అడిగినా అదే ఇస్తారు. రష్యన్ 6ఎన్2పీ ఇస్తామంటే మాత్రం జాగ్రత్త: గెయిన్ అంతే, కానీ వాల్వుని లోపల వేడిచేసే హీటర్ పిన్నులు వేరు, నేరుగా మార్చి పెట్టకూడదు. వచ్చేది 5 వాట్లే. 5 వాట్లే కదా అని చిన్నచూపు వద్దు, వాల్యూమ్ సగానికి తిప్పితే పక్కింటివాళ్లు తలుపు కొడతారు.

డబ్బు ఎక్కడ పెట్టాలంటే మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ మీద. వైండింగ్ షాపులో చుట్టించుకోవడమే మేలు, చీటీ మీద ఇలా రాసివ్వండి:

కోర్: మధ్య నాలుక 32 మి.మీ., దొంతి 32 మి.మీ., అంటే సుమారు 10 చదరపు సెం.మీ.; వోల్టుకి 5 చుట్లు.
ప్రైమరీ: 0–230–250 వోల్టులు, 1150 చుట్ల దగ్గర ఒక ట్యాపు, 1250 దగ్గర చివర, 31 గేజి.
హెచ్‌టీ (వాల్వులకిచ్చే పెద్ద వోల్టేజీ): 210–0–210 వోల్టులు, 100 మిల్లీఆంపులు, ఒక్కో వైపు 1100 చుట్లు, 34 గేజి.
హీటర్: 6.3 వోల్టులు, 2 ఆంపులు, 33 చుట్లు, 19 గేజి.

50 హెర్ట్జ్ దగ్గర 10 చదరపు సెం.మీ. కోర్‌కి వోల్టుకి నాలుగున్నర చుట్లు వేస్తే ఇనుములో ఫ్లక్స్ ఒక టెస్లా అవుతుంది. 5 చుట్లయితే ఇంకాస్త తగ్గి, ట్రాన్స్‌ఫార్మర్ చల్లగా ఉంటుంది, పక్కనున్న అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి గుయ్‌మని చిమ్మడమూ తగ్గుతుంది. సెకండరీ (హెచ్‌టీ, హీటర్) చుట్లు లెక్కకంటే ఐదు శాతం ఎక్కువ వేయించేది లోడు మీద పడిపోయే వోల్టేజీ కోసం. 250 ట్యాపు ఎందుకంటే, రాత్రిపూట లైను 245 దాటే వీధుల్లో 230 ట్యాపు మీద హీటర్ 6.7 దాకా పోతుంది, వాల్వు ఆయుష్షు తగ్గుతుంది. ప్రైమరీకీ సెకండరీకీ మధ్య లెదరాయిడ్ పేపర్ వేయించి, పైన ఒక పొర రాగి రేకు చుట్టించి ఎర్త్‌కి వైరు తీయమనండి. రేకు రెండు అంచులూ ఒకదానికొకటి తగలకూడదు. తగిలితే అది షార్టయిన ఒక చుట్టు, ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది. చివర్లో వార్నిష్ ముంచడం, ఆరాక 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) ప్రైమరీ–సెకండరీ, ప్రైమరీ–కోర్ కొలవడం మీ కళ్లముందే జరగాలి. స్టెబిలైజర్‌లో తీసేసిన ఆటో ట్రాన్స్‌ఫార్మర్ స్టాంపింగులు కొలతకి సరిపోతే వాటినే వాడమనండి, ఇనుము ఖర్చు మిగులుతుంది.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ రేడియోలోదే పనికొస్తుందేమో ముందు చూడండి. ఈఎల్84కి 5.2 కే (కిలో ఓములు) లోడు కావాలి. మామూలు 12 వోల్టుల ఏసీని దాని ప్రైమరీకిచ్చి సెకండరీ కొలవండి. 0.47 వోల్టు వస్తే అది 8 ఓముల స్పీకర్‌కి సరిపోయేది. 0.33 వస్తే 4 ఓములది, దానికి 8 ఓముల స్పీకర్ తగిలిస్తే వాల్వుకి 10 కే పైన కనిపిస్తుంది, సగం పవరు పోతుంది. పొరపాటున కూడా 12 వోల్టులు సెకండరీ వైపు ఇవ్వకండి, అవతల మూడొందలు లేస్తాయి. మైక్‌సెట్టు వాళ్ల పాత ఆంప్లిఫయర్ల అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు పెద్దవిగా కనిపించి ఆశపెడతాయి. అవి పుష్-పుల్ రకం (రెండు వాల్వులు చెరో దిక్కున లాగేవి), కోర్‌లో గాలి ఖాళీ ఉండదు. ఒంటి వాల్వు డీసీ ఎప్పుడూ ఒకే దిక్కున పారుతుంది కాబట్టి కోర్ నిండిపోయి బేస్ చచ్చిపోతుంది.

మిగతా సామానులో రెసిస్టర్లు, 1ఎన్4007 డయోడ్లు ఊళ్లోనే దొరుకుతాయి. 450 వోల్టుల కండెన్సర్లు ఇన్వర్టర్లు బాగుచేసేవాళ్లని అడగండి, 105 డిగ్రీలవి తీసుకోండి. మే నెల తిరుపతి ఎండలో చెక్కపెట్టె లోపల వాల్వు పక్కన 85 డిగ్రీల రకం ఎక్కువకాలం బతకదు. వాల్వులూ సాకెట్లూ ఇక్కడ దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్, చిత్తూరు వైపు వాళ్లకైతే బెంగళూరు ఎస్పీ రోడ్డు. రేడియోలోని మైనం పూసిన పాత కండెన్సర్లని ఒక్కటీ వాడొద్దు. కారణం కింద చెబుతాను.

డబ్బాని పూర్తిగా ఖాళీ చేశాకే రంధ్రాలు వెయ్యండి, ఇనుప రజను లోపల మిగిలితే అదే షార్టు. ముందున్న వోల్ట్‌మీటర్‌ని మాత్రం పారెయ్యకండి. మెయిన్స్ స్విచ్ తర్వాత దాన్ని అలాగే కలిపి ఉంచితే లైను ఎంతుందో కనబడుతుంది, ఏ ట్యాపు వాడాలో తెలుస్తుంది. సాకెట్ల రంధ్రం 19 నుంచి 22 మి.మీ. దాకా రకాన్ని బట్టి మారుతుంది, చేతిలో సాకెట్ పెట్టుకుని కొలిచి హోల్ సా వాడండి. రేకు పలచన, ట్రాన్స్‌ఫార్మర్ బరువుకి వంగుతుంది, కింద రెండు ఎల్ యాంగిల్ ముక్కలు బిగించండి. ఒక చివర మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్, రెండో చివర గిటార్ జాక్, మధ్యలో మిగతావి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ని బిగించేముందు దాని సెకండరీకి హెడ్‌ఫోన్ తగిలించి, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కదానికే కరెంటిచ్చి, దీన్ని మెల్లగా తిప్పుతూ వినండి. గుయ్‌మనడం దాదాపు మాయమయ్యే కోణం ఒకటుంటుంది, తరచూ 90 డిగ్రీల దగ్గర. అక్కడే మార్కు పెట్టండి. ఈ ఐదు నిమిషాల పని తర్వాత వారం రోజుల తలనొప్పి తప్పిస్తుంది.

మూడు వైర్ల మెయిన్స్ కేబుల్‌లో ఎర్త్ వైరుకి దానిదే ఒక బోల్టు. రంగు గీకి, పళ్ల వాషర్ వేసి బిగించండి. ట్రాన్స్‌ఫార్మర్ బోల్టుకి కలపొద్దు. ఫేజు ముందు ఫ్యూజ్‌కి, తర్వాత రెండు వైర్లనీ కోసే స్విచ్‌కి. ఫ్యూజ్ 500 మిల్లీఆంపుల స్లో బ్లో.

హెచ్‌టీ రెండు చివరలకీ చెరో 1ఎన్4007. ఈ పద్ధతిలో డయోడ్ మీద రివర్స్‌లో పడేది పీక్ వోల్టేజీకి రెట్టింపు, లైను ఎక్కువున్న రోజు 700 దాకా. అందుకే 1000 వోల్టుల 4007, అచ్చం దానిలాగే కనబడే 4004 వద్దు. డయోడ్ల తర్వాత 47 మైక్రోఫారడ్, 450 వోల్టులు. ఆపైన 220 ఓములు 5 వాట్లు, మళ్లీ 47 మైక్రోఫారడ్: ఇక్కణ్ణించి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి. ఆపైన 1 కే 2 వాట్లు, 47 మైక్రోఫారడ్: ఇది స్క్రీన్‌కి, అంటే ఈఎల్84 9వ పిన్నుకి. ఆపైన 10 కే 1 వాటు, 22 మైక్రోఫారడ్: ఇది 12ఏఎక్స్7కి. మొదటి కండెన్సర్ మీద 56 మిల్లీఆంపుల లోడుకి రిపుల్ (డీసీ మీద మిగిలే ఊగిసలాట) సుమారు 12 వోల్టులు ఊగుతుంది. 220 ఓముల రెసిస్టర్ దాన్ని రెండు వోల్టులకి దించుతుంది. ఆ పది రూపాయల రెసిస్టర్ మానేసి 'గుయ్‌మనే హమ్ పోవట్లేదు' అని తలపట్టుకునేవాళ్లే ఎక్కువ. మొదటి కండెన్సర్ మీద 220 కే 2 వాట్ల బ్లీడర్ తప్పనిసరి, స్విచ్ ఆపాక మూడు నిమిషాల్లో ఛార్జి ఖాళీ చేస్తుంది. అయినా చెయ్యి పెట్టేముందు మీటర్‌తో చూడటం మానొద్దు.

సిగ్నల్ దారి: జాక్ నుంచి నేలకి (సర్క్యూట్ సున్నా వోల్టుల వైరుకి) 1 మెగ్, అక్కణ్ణించి 68 కే, నేరుగా 12ఏఎక్స్7 2వ పిన్నుకి. ఆ 68 కే రెసిస్టర్ సాకెట్ పిన్నుకి ఆనుకునే ఉండాలి, లేకపోతే రాత్రిపూట రేడియో స్టేషన్లు వినిపిస్తాయి. 1వ పిన్నుకి హెచ్‌టీ నుంచి 100 కే, 3వ పిన్ను నుంచి నేలకి 1.5 కే, దాని మీద 22 మైక్రోఫారడ్ 25 వోల్టులు. 1వ పిన్ను నుంచి 0.022 మైక్రోఫారడ్ 630 వోల్టుల కండెన్సర్ మీదుగా 1 మెగ్ లాగ్ వాల్యూమ్ కంట్రోల్‌కి, దాని మధ్య కాలు 7వ పిన్నుకి. 6వ పిన్నుకి హెచ్‌టీ నుంచి 100 కే, 8వ పిన్ను నుంచి నేలకి ఉత్త 1.5 కే. 6వ పిన్ను నుంచి ఇంకో 0.022, అక్కణ్ణించి నేలకి 220 కే గ్రిడ్ రెసిస్టర్, అక్కణ్ణించే 4.7 కే మీదుగా ఈఎల్84 2వ పిన్ను. ఈఎల్84 3వ పిన్ను నుంచి నేలకి 150 ఓములు 2 వాట్లు, దాని మీద 100 మైక్రోఫారడ్ 25 వోల్టులు. 7వ పిన్ను అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి. హీటర్ ఈఎల్84కి 4, 5 పిన్నులు. 12ఏఎక్స్7కి 4, 5 కలిపి ఒకవైపు, 9 రెండోవైపు. హీటర్ వైర్లని జడలా మెలిపెట్టి చాసీ మూలలో అణిచి నడపండి. వాటి మధ్య రెండు 100 ఓముల రెసిస్టర్లు వేసి, ఆ రెండూ కలిసేచోటుని నేలకి కాక ఈఎల్84 3వ పిన్నుకి కలపండి. హీటర్ ఆ ఏడు వోల్టులు పైకి లేస్తే సన్నటి గుయ్‌మనడం ఇంకా తగ్గుతుంది.

మొదటిసారి కరెంటిచ్చేది నేరుగా కాదు, సిరీస్ బోర్డు మీద. ఎలక్ట్రీషియన్లు వాడే గుండు బల్బు బోర్డే. 40 వాట్ల ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. వాల్వులు పెట్టకుండా స్విచ్ వెయ్యండి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే సరే. వెలుగుతూనే ఉంటే డయోడో కండెన్సరో తిరగబడింది, ఆపేయండి. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, మీటర్ నల్ల క్లిప్పుని చాసీకి కట్టేసి, ఎర్ర ప్రోబ్‌తోనే కొలవండి. హెచ్‌టీ 310 దగ్గర, హీటర్ 6.6 దగ్గర ఉండాలి. ఆపి, ఖాళీ అయ్యిందని చూసి, స్పీకర్ తగిలించి, వాల్వులు పెట్టి, బల్బు 100 వాట్లది మార్చి మళ్లీ ఇవ్వండి. అన్నీ సవ్యంగా ఉంటే బోర్డు తీసేసి నేరుగా పెట్టండి. స్పీకర్ లేకుండా ఒక్క క్షణం కూడా నడపొద్దు. లోడు లేని ప్రైమరీలో వేల వోల్టులు లేచి చుట్టలోనే మెరుపు కొడుతుంది. సెకండరీకి అడ్డంగా 220 ఓములు 5 వాట్లు శాశ్వతంగా ఉంచితే జాక్ ఊడినా కొంత కాపు.

లోడు మీద రావలసినవి: ఈఎల్84 7వ పిన్ను 255 దరిదాపు, 9వ పిన్ను 260, 3వ పిన్ను 7 నుంచి 8. 3వ పిన్ను మీది అంకెని 150తో భాగిస్తే వాల్వు తాగే కరెంటు. 7.5 వస్తే 50 మిల్లీఆంపులు, అందులో ఐదు స్క్రీన్‌వి. మిగతా 45ని 247 వోల్టులతో గుణిస్తే 11 వాట్లు. ఈఎల్84 హద్దు 12, కాబట్టి సరే. 12ఏఎక్స్7 1, 6 పిన్నుల మీద 140 నుంచి 170 మధ్య, 3, 8 పిన్నుల మీద 1 నుంచి 1.5.

3వ పిన్ను 10 దాటి, వాల్వు లోపలి బూడిదరంగు రేకు చీకట్లో ముదురు ఎరుపుకి తిరుగుతోందంటే వెంటనే ఆపండి. ముందు అనుమానించాల్సింది రెండో 0.022 కండెన్సర్‌ని. మైనం పూతవి వద్దన్నది ఇందుకే. కాగితంలో తేమ చేరి, అవతలి 150 వోల్టుల్లో కొంచెం కారి ఈఎల్84 గ్రిడ్‌కి (2వ పిన్నుకి) చేరుతుంది. గ్రిడ్ మీద సున్నా ఉండాల్సిన చోట రెండు వోల్టుల ప్లస్ చాలు, వాల్వు హద్దు దాటి కరెంటు తాగి తనని తాను కాల్చుకుంటుంది. పరీక్ష తేలిక: 12ఏఎక్స్7ని పెట్టి ఉంచి, 220 కే రెసిస్టర్ పైకాలు మీద డీసీ కొలవండి. సున్నా కాక ప్లస్ కనబడితే కండెన్సర్ మార్చండి. మార్చినా పోకపోతే వాల్వుదే లోపం.

ఇక హమ్ము. ముందు అది ఏ శ్రుతిలో ఉందో వినండి, చేతిలో గిటారుంది కదా. ఆరో తీగ మూడో ఫ్రెట్ 98 హెర్ట్జ్. హమ్ము సరిగ్గా దాని పక్కనే, కాస్త గరుకుగా ఉంటే అది 100 హెర్ట్జ్, అంటే రెక్టిఫయర్ వైపు నుంచి వస్తోంది. దానికి ఒక స్థాయి కింద మెత్తగా ఊ అంటుంటే 50 హెర్ట్జ్, అంటే హీటర్ వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్ కోణం, లేదా జాక్ షీల్డు. 100 హెర్ట్జ్‌కి మామూలు కారణం ఒకటే: హెచ్‌టీ సెంటర్ ట్యాపు వైరుని దగ్గరగా ఉందని చాసీకి కలిపేస్తారు. డయోడ్ల ఛార్జింగ్ కరెంటు చిన్న చిన్న దెబ్బల్లా ఆ రేకు గుండా పారి, అదే రేకుని నేలగా వాడుకుంటున్న జాక్ దగ్గర సిగ్నల్‌కి కలుస్తుంది. సెంటర్ ట్యాపు నేరుగా మొదటి కండెన్సర్ మైనస్ కాలికే రావాలి, అక్కణ్ణించి వైరుతో రెండో కండెన్సర్, మూడోది, నాలుగోది, చివరికి జాక్. జాక్ బాడీ రేకుకి తగలకుండా ప్లాస్టిక్ వాషర్లు వేసి, చాసీకి నేల ఒక్కచోటే, ఆ జాక్ దగ్గరే కలపండి. వాల్యూమ్ సున్నా చేసినా హమ్ము మారకపోతే లోపం ఈఎల్84 వైపు, సున్నా చేస్తే పోతే ముందు దశలో.

ఇవన్నీ కుదిరాకే ఫీడ్‌బ్యాక్, అంటే అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపడం: స్పీకర్ ప్లస్ నుంచి 22 కే, 12ఏఎక్స్7 8వ పిన్నుకి, స్పీకర్ రెండో కొస నేలకి. కలపగానే శబ్దం కాస్త తగ్గి శుభ్రపడితే సరైన దిక్కు. కీచుమని అరిస్తే భయపడకండి, కరెంటు ఆపి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ రెండు వైర్లనీ అటూ ఇటూ మార్చండి. అసలు ఆ 22 కే లేకుండా వాయిస్తే గొంతు గరగరలాడుతుంది, చాలామందికి అదే నచ్చుతుంది. ఒక చిన్న స్విచ్ పెట్టుకుంటే రెండూ ఉంటాయి.

చెక్కపెట్టెలోకి రేడియో స్పీకర్ కాక, 8 ఓముల 8 అంగుళాల కొత్తది పెట్టండి, పాత కాగితం కోన్ గిటార్ దెబ్బకి చిరుగుతుంది. వాల్వుకీ చెక్కకీ మధ్య కనీసం మూడు సెంటీమీటర్లు, పైన గాలి పోయే దారి ఉండాలి. వెనకవైపు తెరిచే ఉంచండి, కానీ బల్లి దూరలేని సన్నకన్నాల ఇనుప మెష్ బిగించి దాన్ని ఎర్త్‌కి కలపండి. వెచ్చగా ఉన్న పెట్టెలోకి బల్లి తప్పక వస్తుంది, అది వాలేది ఎప్పుడూ హెచ్‌టీ ట్యాగ్ స్ట్రిప్ మీదే.